రెండు పడకల మధ్య దూరం

న్యూఢిల్లీ:

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఈ విలేఖరి ఇంట టెలిఫోను రాత్రి తొమ్మిది దాటిన తర్వాతనే ఎక్కువగా మోగుతుంది. ఢిల్లీలో తెలుగు పత్రికకు పనిచేసేవాడికి వచ్చే పిలుపులు మూడు రకాలు. మొదటిది రాజకీయం: మంత్రివర్గంలో మార్పులున్నాయా, ఫలానా వారికి టిక్కెట్టు ఖాయమేనా అని. రెండవది సిఫారసు: ఆంధ్ర భవన్‌లో గదికో, రైల్వే ఎమర్జెన్సీ కోటాలో బెర్తుకో. మూడవ రకం పిలుపును మొదటి మాటలోనే గుర్తుపట్టవచ్చు. "నన్ను మీరెరగరు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా నాన్నను ఢిల్లీ పెద్దాసుపత్రికి తెచ్చాం. ఇక చేయగలిగింది లేదు, తీసుకుపొమ్మంటున్నారు. ఎలా తీసుకుపోవాలో తెలియడం లేదు."

ఈ చివరి వాక్యానికి ఈ విలేఖరి వద్ద ఏనాడూ సరైన సమాధానం లేదు. పార్లమెంటు సభ్యుడొకరి లెటర్‌హెడ్‌పై రైల్వే భవన్‌కు ఒక లేఖ, ఇద్దరు ముగ్గురి టెలిఫోను నంబర్లు. ఇంతకు మించి చేయగలిగింది లేకపోయింది. లేఖ ఇప్పించడంతో బాధ్యత తీరిందనుకుని మరునాడు ప్రశ్నోత్తరాల సమయానికి ప్రెస్ గ్యాలరీలో నిశ్చింతగా కూర్చున్న రోజులు కూడా ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. గత సంవత్సరం ఆ పిలుపు స్వంత కుటుంబం నుండే వచ్చింది. అప్పటికి గాని ఆ ప్రశ్న బరువెంతో తెలిసిరాలేదు.

మా బావగారు పలాస ప్రాంతంలో హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న కూతురిని చూడడానికి అక్కయ్యతో కలిసి వచ్చారు. వచ్చిన పదవ నాడు పక్షవాతం వచ్చింది. మూడు వారాల చికిత్సతో ప్రాణం నిలిచింది. కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయి. ఆహారం ముక్కులో అమర్చిన గొట్టం ద్వారానే. నాలుగవ వారంలో డాక్టరుగారు "ఇక్కడ ఇంకా ఉంచి ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకువెళ్లండి" అన్నారు. ఆ సలహాలో తప్పు లేదు. అయితే ఆయన దృష్టిలో ఇల్లంటే నగరంలో మరో పేట. బావగారి ఇల్లు దాదాపు రెండు వేల కిలోమీటర్లకు ఆవల, జీడితోటల మధ్య ఉంది. ఆసుపత్రి వారిచ్చిన కాగితాలు నాలుగు పుటలు. వాడిన మందులు, తీసిన ఫోటోలు, చెల్లించిన సొమ్ము అన్నీ వాటిలో ఉన్నాయి. కదలలేని మనిషి ఇల్లు చేరడం ఎలాగన్నది ఏ పుటలోనూ లేదు.

మాట పోయిన బావగారు ఎడమ చేత్తో కాగితంపై వంకర టింకరగా రాసిన మాట ఒక్కటే: "ఇంటికి". అక్కయ్య నా వైపు తిరిగి, "తమ్ముడూ, ఈయన్ని ఇంటికి చేర్చరా, నేనింకేమీ అడగను" అంది.

నాలుగు దారులు

మొదటిది రోడ్డు. ఆసుపత్రి గేటు బయట అడుగుపెట్టగానే అంబులెన్సుల దళారులు చుట్టుముట్టారు. ఒకే రకం బండికి ముగ్గురు మూడు ధరలు చెప్పారు; మూడవవాడు మొదటివాడు చెప్పిన దానిలో సగానికి దిగాడు. సగానికి దిగినవాడిని చూస్తే సంతోషం కాదు, భయం వేసింది. ఆ బండిలో ఏముందో, వెంట వచ్చే 'నర్సు' నిజంగా నర్సేనో అడిగి తెలుసుకునే వీలు లేదు. ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. ఏ.ఐ.ఎస్.-125 అనే జాతీయ నిబంధనావళి అంబులెన్సులను నాలుగు తరగతులుగా విభజించింది: ముందుగా చేరుకుని ప్రథమ చికిత్స అందించేది, రోగిని కేవలం తరలించేది, ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలు గలది, వెంటిలేటరు వంటి ఉన్నత పరికరాలు గలది. గేటు వద్ద నిలబడ్డ బంధువుకు ఈ తేడా చెప్పేవారెవరు? ఎర్రదీపం, సైరను ఉన్న ప్రతి వాహనమూ అతని కళ్లకు ఒక్కటే.

రెండవది సాధారణ విమానం. పడుకున్న రోగిని స్ట్రెచరుపై తీసుకుపోయే సదుపాయం కొన్ని విమానాలలో ఉంది, అన్నిటిలో లేదు. స్ట్రెచరుకై సాధారణంగా ఆరు సీట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ తీసుకోవలసి ఉంటుంది. వెంట వచ్చేవారి టిక్కెట్లు వేరు. వైద్యుడు నింపిన ఫారం విమాన సంస్థ వైద్యులు చూసి అనుమతించాలి. దానికి రెండు మూడు రోజుల ముందు చెప్పాలి. ఈ జాగ్రత్తలు అకారణం కావు. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండపై ఉన్నట్లుగా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అది తెలియదు. ఊపిరితిత్తులు బలహీనమైనవాడికి ప్రాణవాయువు చాలదు. ఛాతీలో గాలి చేరినవాడికి ఆ గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి వస్తుంది. స్వంత ఆక్సిజన్ సిలిండరు వెంట తెచ్చుకుంటామంటే ఒప్పుకోరు. మా ఫారం ఒకసారి 'వివరాలు చాలవు' అని తిరిగి వచ్చింది. రెండవసారి నింపడానికి డాక్టరుగారు సెలవులో ఉన్నారు.

మూడవది ఎయిర్ అంబులెన్సు. అడిగిన ధర విన్న తర్వాత రెండవ ప్రశ్న వేయలేదు. హెడ్మాస్టరు పింఛను సంవత్సరాల తరబడి కూడబెట్టినా ఆ ఒక్క ప్రయాణానికి చాలదు.

నాలుగవది రైలు. చివరకు దానినే నమ్ముకున్నాం. విశాఖ వరకు రెండు రాత్రులు, నడుమ ఒక పగలు. అక్కడి నుండి పలాసకు రోడ్డు మీద మరికొన్ని గంటలు. బెర్తులు దొరికాయి, ఎంపీగారి లేఖ పనిచేసింది. ఆ లేఖ లేనివారి గతి ఏమిటన్న ఆలోచన ఆనాడు రాలేదు, తర్వాత వచ్చింది. ప్లాట్‌ఫారం మీద స్ట్రెచరు సాఫీగానే వచ్చింది. బోగీ తలుపు దాటాక నడవలోని మలుపు వద్ద ఆగిపోయింది. ఎటు తిప్పినా తిరగదు. నలుగురు కూలీలు, ఒక టిక్కెట్ ఎగ్జామినరు, మా మేనల్లుడు కలిసి దుప్పటిలో ఎత్తి బావగారిని బెర్తు మీద చేర్చారు. వారెవరి ఉద్యోగ ధర్మంలోనూ ఆ పని లేదు. మనుషులు గనుక చేశారు. రోజు కూలికి కుదిరిన నర్సు ఒకామె వెంట వచ్చింది. ముక్కు గొట్టం ఉన్న రోగి తల ఎత్తుగా ఉండాలని, లేకుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయని ఆమె చెబితేనే తెలిసింది. నాలుగు పుటల కాగితాలలో ఉండవలసిన మాటలు అవి.

ఒక్క ఇంటి కథ కాదు

ఇదంతా స్వంత గోడు వెళ్లబోసుకోవడానికి రాయడం లేదు. సిఫారసు చేయించగల విలేఖరి, ఢిల్లీలో ఉద్యోగస్తురాలైన కూతురు, నెలనెలా పింఛను ఉన్న కుటుంబానికే ఇంత అయితే, ఏమీ లేనివారి సంగతి ఏమిటన్నదే ప్రశ్న.

దూరం పోయి వైద్యం చేయించుకోవడం ఈ దేశంలో మినహాయింపు కాదు, పద్ధతి. 1956 నాటి చట్టంతో వెలసిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఎదుట పేవ్‌మెంటు మీద, మెట్రో స్టేషన్ దారిలో పక్కలు పరుచుకుని పడుకునేవారిని ఢిల్లీలో చూడనివారు లేరు. వారిలో బీహారు, ఉత్తరప్రదేశ్ వారు ఎక్కువ; వెతికితే తెలుగు మాట కూడా వినిపిస్తుంది. పంజాబులోని భటిండా నుండి రాజస్థాన్‌లోని బికనీరు క్యాన్సర్ ఆసుపత్రికి రోగులను మోసుకుపోయే రైలుకు జనం పెట్టిన పేరే 'క్యాన్సర్ రైలు'. హౌరా నుండి మద్రాసు వైపు మన కోస్తా మీదుగా సాగిపోయే రైళ్లలో వేలూరు ఆసుపత్రికై కాట్పాడిలో దిగవలసిన బెంగాలీ కుటుంబాలు ఏనాడైనా కనిపిస్తాయి. విశాఖలో, విజయవాడలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ కిటికీలలోకి చూస్తే చాలు. దేశ వైద్య విధానం ఏమిటో ఏ నివేదికా చదవనక్కరలేదు.

వెనుకటి రోజుల్లో కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనేవారు. దారిలో ఏమవుతుందో తెలియదు గనుక ఆస్తులు పంచి, అప్పగింతలు పెట్టి బయలుదేరేవారు. ఇప్పుడు కాశీ దగ్గరయింది. ఆ సామెత ఆసుపత్రి యాత్రకు అంటుకుంది.

ఇందులో ఒక సత్యం దాగి ఉంది. మన పాలకులు ఆసుపత్రిని కట్టినప్పుడు పడకలు లెక్కపెడతారు. రోగిని ఒక పడక నుండి మరొక పడకకు చేర్చే దూరాన్ని లెక్కపెట్టరు. కింది ఆసుపత్రి 'పై ఆసుపత్రికి పంపడమైనది' అని చీటీ రాసి చేతులు కడుగుకుంటుంది. పై ఆసుపత్రి 'ఇంటికి పంపడమైనది' అని రాసి తన లెక్క సరిచేసుకుంటుంది. ఈ రెండు 'పంపడమైనది'ల మధ్య పంపిందెవరు, మోసిందెవరు? సంసారమే. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ మనం పిల్లలకు పుత్రధర్మంగా చెబుతాం. మంచిదే. కాని ప్రతి పౌరునీ శ్రవణకుమారుడు కమ్మని శాసించే రాజ్యం తన ధర్మాన్ని తాను మరచినట్లే.

ఎవరి పద్దు?

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు తిరగేస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. రైల్వేలు, విమానయానం, జాతీయ రహదారులు కేంద్రం జాబితాలో ఉన్నాయి. రెండు రాష్ట్రాల సరిహద్దు దాటే రోగి ఏ జాబితాలోనూ ప్రత్యేకంగా లేడు. సభలో ఈ సంగతి ఎత్తితే ఆరోగ్యశాఖ అది రాష్ట్రాల పని అంటుంది. రాష్ట్రం తన సరిహద్దు వరకే తన పూచీ అంటుంది. రైల్వే శాఖ రాయితీల పట్టిక చూపుతుంది.

ఆ రాయితీలు తక్కువేమీ కావు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. క్యాన్సర్ రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏ.సి.లలో చార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. గుండె శస్త్రచికిత్సకు, మూత్రపిండాల మార్పిడికి లేదా డయాలిసిస్‌కు వెళ్లేవారికీ ఆ తరగతులలో 75 శాతం ఉంది. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతో సహా పెక్కు రాయితీలు ఎత్తివేసినప్పుడు కూడా రోగుల రాయితీలను అట్టే ఉంచారు. అందుకు అభినందించవలసిందే. అయితే ఇవి కూర్చోగలిగిన, నడవగలిగిన రోగికి పనికివచ్చే ఉపకారాలు. లేవలేని రోగికి కావలసింది చౌక టిక్కెట్టు ఒక్కటే కాదు, లోపలికి వెళ్లగలిగిన తలుపు.

108 వాహనం సంగతి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలై దేశమంతా పాకిన సేవ అది, మనం గర్వించదగినది. రోడ్డు ప్రమాదంలో, కాన్పు నొప్పులలో, గుండెపోటులో సమీపంలోని ఆసుపత్రికి చేర్చడం దాని పని. వెయ్యి కిలోమీటర్ల అవతల నుండి మనిషిని ఇంటికి తేవడం దాని పని కాదు, దానిని తప్పుపట్టలేము. కాని ఆ పని ఎవరిదన్న ప్రశ్నకు 108 జవాబు కానేరదు.

న్యాయస్థానాలు తమ వంతు చెప్పాయి. 1996 మే నెలలో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రసిద్ధమైనది. రైలు నుండి పడి తలకు గాయమైన కూలీని కలకత్తా ఆసుపత్రులు ఒకదాని నుండి మరొకదానికి తిప్పి పంపిన ఉదంతం అది. సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును భంగపరచడమేనని కోర్టు నిర్ణయించింది. అంతటితో ఆగక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి జిల్లా ఆసుపత్రికి రోగిని చేర్చే అంబులెన్సులు, వాటిలో పరికరాలు, సిబ్బంది ఉండాలని కూడా సూచించింది. అంటే దారి కూడా వైద్యంలో భాగమేనని ముప్పయ్యేళ్ల నాడే గుర్తించింది. నిధుల కొరత సాకు కాజాలదని కూడా ఆ తీర్పులోనే ఉంది. 2020 సెప్టెంబరులో కోవిడ్ కాలాన అంబులెన్సుల చార్జీలను సహేతుకంగా నిర్ణయించాలని రాష్ట్రాలను సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. మరుసటి మే నెలలో ఢిల్లీ ప్రభుత్వం తరగతుల వారీగా గరిష్ఠ ధరలు ప్రకటించింది. మహమ్మారి మధ్యలో చేయగలిగిన పని మామూలు రోజుల్లో దేశమంతటా చేయడానికి ఏమి అడ్డం?

సరిహద్దు వద్ద ఆగిన ఊపిరి

అడ్డం ఏమిటో రెండు సంఘటనలు తేటతెల్లం చేశాయి. 2020 మార్చి చివర కేరళకు ఆనుకుని ఉన్న సరిహద్దును కర్ణాటక మూసివేసింది. కాసరగోడు వారికి మంగళూరే దగ్గరి పెద్దాసుపత్రి. తలపాడి వద్ద రోగులు నిలిచిపోయారు. సకాలంలో వైద్యం అందక కొందరు మరణించారు. వ్యవహారం కేరళ హైకోర్టుకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు పోయి, కేంద్రం మధ్యవర్తిత్వంతో ఏప్రిల్‌లో ఒక ఏర్పాటు కుదిరింది.

రెండవ ఉదంతం మనది, అందుచేత మరింత బాధాకరమైనది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు కర్నూలు దాటిన తర్వాత పుల్లూరు వద్ద, కోదాడ వైపు సరిహద్దు వద్ద ఆపివేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు, కంట్రోలు రూము అనుమతించినట్లు కాగితం ఉంటేనే కదలనిస్తామన్నారు. లోపల ఆక్సిజను మీద మనిషి. బయట కాగితం కోసం పరుగెత్తే కొడుకు. హైకోర్టు తీవ్రంగా మందలించింది. మే 14న ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. అప్పటికి హైదరాబాదు చట్టప్రకారం ఉభయ రాష్ట్రాల ఉమ్మడి రాజధానే. ఆ గడువు 2024 జూన్ 2తో గాని ముగియలేదు. పడకలు చాలవన్న తెలంగాణ ప్రభుత్వ భయం అర్థం చేసుకోలేనిది కాదు. అయినా ఒక భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య అంబులెన్సు నడిరోడ్డుపై ఆగిన ఆ రోజులను చరిత్ర క్షమించదు. జాతీయ రహదారుల టోలు గేట్ల వద్ద అంబులెన్సుకు సుంకం లేదని నియమం ఉంది. సుంకం కోసం ఆపరాదన్నవారు, మరే కారణం చేతనైనా ఆపరాదని ఒక్క వాక్యం ఎందుకు చేర్చరు?

దేశాల సరిహద్దుల సంగతి చెప్పనే అక్కరలేదు. 2003 జులైలో ఢిల్లీ-లాహోరు బస్సు మళ్లీ కదిలినప్పుడు గుండెలో రంధ్రాలున్న ఒక పాకిస్తానీ పసిపాపను తల్లిదండ్రులు అందులో తెచ్చారు. బెంగుళూరులో శస్త్రచికిత్స జరిగింది. ఆ పాప కోసం ఈ దేశం దేశమంతా ప్రార్థించింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్న తర్వాత పాకిస్తానీయుల వీసాలు రద్దయ్యాయి; వైద్యం కోసం వచ్చినవారికి ఏప్రిల్ 29 వరకే గడువు. చికిత్స ముగియకుండానే సరిహద్దు దాటవలసి వచ్చిన కుటుంబాలున్నాయి. హంతకులపై ఆగ్రహం న్యాయమైనది. ఆ ఆగ్రహపు ఖర్చు జబ్బుపడ్డ పిల్లల లెక్కలో పడడం విచారకరం. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిన తర్వాత బంగ్లాదేశ్ రోగులకు మన వీసాలు బాగా తగ్గిపోయాయి. 2025 మార్చిలో వారి మొదటి బృందం చైనాలోని కున్మింగ్‌కు వైద్యానికి వెళ్లింది. పొరుగువారి మనసును గెలుచుకోవడానికి ఆసుపత్రి పడకను మించిన రాయబారి లేదు. దానిని మనం చేజేతులా వదులుకోవడం దూరదృష్టి అనిపించుకోదు.

ఆకాశంలో అదృష్టం

ఆకాశమార్గం గురించి ఇటీవల ఆర్భాటం పెరిగింది. 2024లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎయిర్ అంబులెన్సు పథకం ప్రారంభించి, ఆయుష్మాన్ కార్డు ఉన్నవారికి ఉచితమన్నది. అదే సంవత్సరం అక్టోబరులో రుషికేశ్ వైద్య విజ్ఞాన సంస్థలో హెలికాప్టర్ సేవను ప్రధాని ప్రారంభించారు. కొండ ప్రాంతాలకు అది వరమే. కాని వరాల వెనుక ఉన్న ప్రమాదాలు కూడా గుర్తుండాలి. 2011 మే 25 రాత్రి పాట్నా నుండి ఢిల్లీకి రోగిని తెస్తున్న చిన్న విమానం ఫరీదాబాదులో ఇళ్ల మీద కూలింది. విమానంలోని ఏడుగురు, నేల మీది ముగ్గురు మరణించారు. 2016 మే 24న అదే పాట్నా-ఢిల్లీ మార్గంలో మరో అంబులెన్సు విమానం నజఫ్‌గఢ్ పొలాల్లో దిగవలసి వచ్చింది; ఏడుగురూ బతకడం అదృష్టం. 2025 మేలో రుషికేశ్ హెలికాప్టరు కేదారనాథ్ వద్ద దెబ్బతిన్నది, ప్రాణనష్టం తప్పింది. రోగిని తరలించే విమానానికి తనిఖీ మరింత కఠినంగా ఉండాలే గాని తొందర పేరిట సడలరాదు. పాట్నా నుండి ఢిల్లీకి రోగి ఎందుకు ఎగిరి రావలసి వచ్చిందన్న అసలు ప్రశ్న అలాగే మిగిలి ఉంది.

ఆసుపత్రులను దగ్గరకు తెస్తే ఈ ప్రయాణాలే తగ్గుతాయి గదా అని కొందరు పెద్దలు అంటారు. నిజం. విభజన చట్టంలోని హామీ ప్రకారం మంగళగిరిలో అఖిల భారత వైద్య సంస్థ వచ్చింది; బీబీనగర్‌లో మరొకటి ఉంది. అవి పూర్తి స్థాయిలో పనిచేసేకొద్దీ ఢిల్లీ రైలెక్కే తెలుగువారు తగ్గుతారు. అయినా అరుదైన జబ్బులకు అరుదైన నిపుణులు కొన్ని చోట్లనే ఉంటారు. పొట్టకూటికి దేశం నలుమూలలకూ, గల్ఫు దేశాలకూ పోయిన మన కూలీలు అక్కడే జబ్బుపడతారు. దుబాయి నుండి స్ట్రెచరు మీద శంషాబాదులో దిగిన కరీంనగర్, నిజామాబాదు జిల్లాల వలస కార్మికునికి అక్కడి నుండి తన ఊరు మరో యాత్ర. ఇక అల్లూరి జిల్లా కొండల్లో రోడ్డు మీది అంబులెన్సు వరకూ డోలీ మోయడమే మొదటి మజిలీ. ఆసుపత్రులు ఎన్ని కట్టినా రోగి ప్రయాణం పూర్తిగా ఆగదు.

చేయవలసింది

కొత్త సూత్రమేదీ కనిపెట్టనవసరం లేదు. 2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం గర్భిణిని ఇంటి నుండి ఆసుపత్రికి, అవసరమైతే మరో ఆసుపత్రికి, కాన్పు తర్వాత తిరిగి ఇంటికి ఉచితంగా చేర్చే బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. తల్లీబిడ్డల విషయంలో 'ఇంటికి చేర్చడం' వైద్యంలో భాగమని అంగీకరించిన రాజ్యం, మంచాన పడ్డ తండ్రి విషయంలో కాదనడం ఏ తర్కం? తెలుగు రాష్ట్రాలు రెండూ ప్రభుత్వాసుపత్రుల నుండి మృతదేహాలను ఉచితంగా ఇళ్లకు చేర్చే వాహనాలు నడుపుతున్నాయి. అది కూడా అన్నిచోట్లా అందడం లేదని, 2022 ఏప్రిల్‌లో తిరుపతి నుండి పదేళ్ల కొడుకు శవాన్ని 90 కిలోమీటర్లు మోటారు సైకిలుపై తీసుకుపోయిన తండ్రి రుజువు చేశాడు. అయినా ఆ పథకం మంచిదే. అయితే ప్రాణం పోయాక దొరికే బండి, ప్రాణం ఉండగా దొరకకపోవడంలోని విడ్డూరాన్ని పాలకులు గమనించారా?

కేంద్రం తక్షణం చేయదగినవి నాలుగున్నాయి. ఒకటి, కేంద్ర నిధులతో నడిచే ప్రతి పెద్దాసుపత్రిలో రోగి ప్రయాణం చూసే ఒక బల్ల, దాని వెనుక ఒక బాధ్యుడు ఉండాలి. ఇంటికి పంపే కాగితాలతో పాటు ఏ వాహనం, ఎవరి తోడు, దారిలో ఏ జాగ్రత్తలు, ఊళ్లో చూసుకునే డాక్టరెవరు అన్న ఒక్క పుట రోగి భాషలో ఇవ్వాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు, వికలాంగులకై విశాల ద్వారాలతో బోగీలు చేయించిన రైల్వే శాఖ, పడుకున్న రోగిని స్ట్రెచరుతో సహా ఎక్కించగల గదిని కొన్ని దూరప్రయాణపు రైళ్లలోనైనా ఏర్పరచాలి. ఆ బెర్తులు లెటర్‌హెడ్లతో కాక వైద్యుని ధ్రువపత్రంతో దొరకాలి. మూడు, రాష్ట్రాలు దాటే అంబులెన్సులకు తరగతుల వారీగా కిలోమీటరు ధర నిర్ణయించి ప్రతి ఆసుపత్రి గేటు వద్ద బోర్డు పెట్టాలి. ఏ సరిహద్దు వద్దనూ అంబులెన్సును ఆపరాదని రాష్ట్రాలతో ఒప్పందం చేయించాలి. నాలుగు, 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ పథకం కింద పేదవాడు ఏ రాష్ట్రంలోనైనా చికిత్స పొందవచ్చునని చెప్పినవారు, ఆ రాష్ట్రం నుండి తిరిగి వచ్చే దారి ఖర్చును కూడా అందులో చేర్చాలి. పోవడానికి హక్కు ఇచ్చి రావడానికి దారి చూపకపోవడం సగం హక్కు.

ఇవేవీ ఓట్లు రాల్చే పథకాలు కావు. సభలో కేకలు పుట్టించే అంశాలూ కావు. రోగులు ఊరేగింపు తీయలేరు. వారి బంధువులకు తీరిక ఉండదు. ఈ విషయంపై తెలుగు ఎంపీలు పార్టీ భేదాలు పక్కనపెట్టి ఒక్క ప్రైవేటు తీర్మానమైనా తెస్తే, అది ఎందరి టెలిఫోను పిలుపులకో జవాబు అవుతుంది. ప్రతి ఒక్కరి వద్దకూ వారానికి ఎన్ని లేఖల కోసం మనుషులు వస్తారో వారికి తెలియనిది కాదు.

బావగారు ఇల్లు చేరారు. విశాఖ స్టేషనులో ఎదురుచూస్తున్న బండిలోకి కూడా దుప్పటిలోనే దింపారు. వాకిట్లో మంచం వేసి, తోట వైపు ముఖం ఉండేలా పడుకోబెట్టారు. పూర్వ విద్యార్థులు వరుసగా వచ్చి చూసిపోయారు. పందొమ్మిది రోజులు ఉన్నారు. "ఢిల్లీలోనే ఉంచితే ఇంకొంత కాలం ఉండేవారేమో" అని ఎవరో అంటే అక్కయ్య ఒక్కటే మాట అంది: "ఇక్కడ ఆయన అందర్నీ గుర్తుపట్టారు."

ఆ పందొమ్మిది రోజులు మాకు దక్కడం వెనుక ఒక లేఖ, నలుగురు కూలీల భుజాలు, కొంత డబ్బు, చాలా అదృష్టం ఉన్నాయి. ఇల్లు చేరే హక్కు అదృష్టం మీద ఆధారపడని రోజు తేవడం పార్లమెంటు చేతిలో ఉంది.